మోకాలి కింది చిగుర్లు

మృగశిర కార్తె, మొదటి పాదం

కొమ్మముక్కలకు వేరు పట్టించే మంచుగదిలో పంపు బాగా తిరుగుతోంది. తుంపర సన్నగా, పొగలాగా పడుతోంది. పచ్చ నీడవల రెండుచోట్ల చిరిగితే కుట్టాను. పొద్దున ఎండ ముదిరిందని సైరన్ మోగాక, సాయంత్రం అది మళ్లీ మోగేదాకా ఎవరూ వల దాటి బయటికి వెళ్లలేదు.

నర్సరీ దినచర్యలో నేను రాయవలసింది ఇంతే. అయిదో తరగతి చదివినవాడికి ఇంతకన్నా రాసే అర్హత కూడా లేదేమో. కాని ఈరోజు ఇక్కడితో కలం ఆపితే నా గుండె పగిలిపోతుంది. నా బిడ్డ కడుపుతో ఉంది! నా తొలకరి తల్లి కాబోతోంది!

పెళ్లయి పన్నెండేళ్లు. ఆశ వదులుకుని ఆ మాటే ఎత్తడం మానేసిన ఇల్లు మాది. పొద్దున నేను ట్రేలు కడుగుతుంటే వచ్చి ముక్కు మూసుకుని నిలబడింది.

"నాయినా, ఆ ట్రేలు అవతలికి తీస్కపో. వాసనకు కడుపుల తిప్పుతాంది."

"కొత్త ట్రేలు బిడ్డా. వాసనేడిది?"

"నాలుగు నెలల సంది నాకు అన్నిటికీ వాసనే," అని నవ్వింది.

అర్థం కావడానికి నాకు కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక నీళ్ల తొట్టి అంచు మీద కూర్చోబోయి తొట్టిలోనే కూర్చున్నాను. అల్లుడు బుచ్చిరాములు వచ్చి చెయ్యిచ్చి లేపాడు. "మామా, నీళ్లు పారబోస్తున్నవ్. రాజవ్వకు తెలిస్తే నీ వాటాల కోస్తది," అన్నాడు. అతని కళ్లు కూడా తడిగానే ఉన్నాయి.

రాజవ్వకు తెలియకుండా ఎలా ఉంటుంది? మా పందిరిగూడెంలో ఏ చెట్టు నీడ ఎవరి వాటాకు వస్తుందో చూసే నీడపెద్ద ఆమె. పొద్దుగూకగానే వచ్చింది. తొలకరికి బొట్టు పెట్టి తల నిమిరింది. తర్వాత నా వైపు తిరిగింది.

"సోమలింగం తమ్ముడూ, మస్తు సంతోషం. మరి నీడేది?"

ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. కొత్త ప్రాణానికి కొత్త వరుస కావాలి. బిడ్డ నేల మీద పడేనాటికి నలభై మొక్కలు వేరు పట్టి, వల బయట నేలలో నిలబడి ఉండాలి. లేకపోతే పాలు మరిచాక బిడ్డను ఉప్పరేవుకు పంపించాలి. అక్కడ సముద్రపు గాలి ఉంది, చోటు ఉంది, పిల్లలు లేని తల్లులు ఉన్నారు. మంచివాళ్లే. కన్నతల్లికి మాత్రం అక్కడ వాటా ఉండదు. మా ఎదుటి పందిరి లింగవ్వ కొడుకును పంపి ఆరేళ్లయింది. ఉప్పరేవు బండి వచ్చినప్పుడల్లా, వాడు ఎంత ఎత్తు పెరిగాడో చేత్తో చూపించమని బండివాణ్ని అడుగుతుంది.

"మొక్కలు లేస్తయి రాజవ్వా," అన్నాను.

"ఏడ లేస్తయి? మొన్నటి రోహిణికి విత్తనపు నారంతా మాడిపాయె."

"నా చెట్టు మాడలే గదా!"

రాజవ్వ నా చెట్టు వంక చూసింది. పోతూ పోతూ దాని బెరడును ఒకసారి తట్టింది.

మృగశిర, మూడో పాదం

నా పేరుచెట్టు నర్సరీ గేటు పక్కనే ఉంది. మలబారు వేప. నేను పుట్టిననాడు మా అమ్మ విత్తనం పెట్టిందట. బెరడుకు రేకు ముక్క కట్టి ఉంటుంది, దాని మీద సోమలింగం అని నా పేరు. ఇక్కడ అందరికీ ఇలా ఒక చెట్టు ఉంటుంది. మనిషి పోయాక పిల్లలు దాన్ని కొట్టి, ఆ కలపను ఊరిలోనే ఏదో పనికి వాడతారు. నా భార్య చెట్టు ఈ మంచుగదికి దూలమైంది. మనవడో మనవరాలో వస్తున్నారన్న మాట ముందు ఆ దూలానికే చెప్పాను. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి!

పోయిన రోహిణిలో ఊరి చెట్లన్నీ ఆకు రాల్చి నిలబడితే నా చెట్టు ఒక్కటే కొత్త కొమ్మ వేసింది. చిన్నప్పటి నుంచి దానికి పొగరు. తొలకరి దాని రెమ్మలు కోసి ముక్కలు చేస్తోంది. ముక్క మొదట్లో వేరు పుట్టించే పొడి అద్ది ట్రేలో గుచ్చుతోంది.

"విత్తనం పెడితే తల్లి పోలిక ఒకటి, తండ్రి పోలిక ఒకటి వస్తది నాయినా. ముక్క పెడితే నీ చెట్టే మళ్లా లేస్తది. వెయ్యి పెట్టు, వెయ్యీ నీ చెట్లే. ఎండకు ఓర్చేది, ఉరికి పెరిగేది."

పక్క గూడేల వాళ్లకు ఈ మాట అప్పుడే పాకింది. సౌర బండ్లు వేసుకుని వచ్చారు. బ్యాటరీలు ఇస్తాం, ఉప్పు ఇస్తాం, మొక్కలు మాకూ కావాలంటారు. ఒకాయన వెంట కడుపుతో ఉన్న కోడలు వచ్చింది. ఆమె బండి దిగకుండా నా చెట్టునే చూస్తూ కూర్చుంది. అంతమందికి ఇవ్వాలంటే ఒక మంచుగది చాలదు. బుచ్చిరాములు ఇంకో రెండు గదులకు గుంజలు పాతాడు. మా నర్సరీ ఇంత పెద్దది కావడం నేను బతికుండగా చూస్తున్నాను!

పైరెమ్మలు కోసుకోవచ్చు. దానికి ఎవరూ అడ్డు చెప్పరు. పేరుచెట్టుకు మోకాలి ఎత్తు కింద మాత్రం కత్తి తగలకూడదు. తగిలిందా, ఆ మనిషి పోయినట్టే లెక్క.

ఆరుద్ర, మొదటి పాదం

గుచ్చిన ముక్కలు ఆకు వేశాయి! ట్రేల నిండా వేలెడంత లేత ఆకులు. పందిరి పందిరికీ తిరిగి బెల్లం పంచాను. లింగవ్వ చేతిలో రెండు ముక్కలు పెట్టాను. ఆమె ఒకటి నోట్లో వేసుకుని, రెండోది కొంగున ముడివేసుకుంది. బండి వచ్చినప్పుడు కొడుక్కు పంపిస్తుందట.

పునర్వసు, రెండో పాదం

వేరు రాలేదు.

తొలకరి ఒక ముక్క పట్టుకుని లాగితే బురదలోంచి వచ్చినట్టు మెత్తగా వచ్చింది. అడుగున నల్లగా కుళ్లి ఉంది. ఇంకొకటి లాగింది. ఇంకొకటి. ఆ ట్రే అంతా లాగి, పక్క ట్రే కూడా లాగి, చివరికి నేల మీద కూర్చుంది. కొమ్మలో దాచుకున్న బలం ఉన్నంతసేపు ఆకు వేశాయి, అంతే.

"ఏం తప్పు చేసినం బిడ్డా?"

"తప్పేం లేదు నాయినా. చెట్టు ముసలిదైంది. పైకొమ్మకు చెట్టు వయసే ఉంటది. ముసలి కొమ్మ వేరు వెయ్యదు."

"మరి పడుచు కొమ్మ ఏడ దొరుకుతది?"

ఆమె చేతిలోని ముక్కను కుప్పలోకి విసిరేసింది. నేను మళ్లీ అడిగాను. బుచ్చిరాములు ఆమె వంక చూశాడు, ఆమె అతని వంక చూసింది. అప్పుడు నాకు మండింది. "నేను నీ తండ్రిని. నాకు చెప్పనిది ఏముంటది?" అన్నాను.

"చెట్టు మొదట్ల ఉంటది," అంది మెల్లగా. "మోకాలి కింద నరికితే మోడు నుంచి పిలకలు వస్తయి. అవి పడుచువి. అవి పెడితే నాలుగు వారాల్ల వేరు పడ్తది. ఇగ ఆ మాట ఇడిసిపెట్టు. ఇంకోసారి ఎత్తితే నా మీద ఒట్టే."

ట్రేలన్నీ కడిగి బోర్లించాను. కొత్త గదుల గుంజలు ఖాళీగా నిలబడి ఉన్నాయి.

పుష్యమి, మొదటి పాదం

మా నర్సరీలో నాతో పాటు పనిచేసే ముసలాయన ఒకడున్నాడు. పెద్దగాలికి అతని పేరుచెట్టు మొదలంటా విరిగి పడింది. ఊరు అతనికి దినాలు చేసింది. తన పదకొండో రోజు భోజనానికి తనే వడ్డన అందుకుని, గారెలు ఇంకో నాలుగు వెయ్యమన్నాడు. అప్పటి నుంచి అతనికి పేరు లేదు. అందరూ పోయినాయన అంటారు. సభలో మాట లేదు, ఊరి నీడలో వాటా లేదు. పసిబిడ్డల్ని ముట్టనివ్వరు. నర్సరీ వల నీడ ఎవరి వాటాలోనూ లెక్కకు రాదు కాబట్టి అక్కడే ఉంటాడు, అక్కడే తింటాడు. నేను చూసినంతలో ఆయనంత హాయిగా నవ్వేవాడు ఊరిలో లేడు.

పొద్దున ఆయన పక్కన కూర్చుని అడిగాను. "పోయినంక ఎట్లుంటది?"

"ఏముంటది? రాజవ్వ తిట్టదు. పొద్దుగాల ఎవ్వలు లేపరు." కాసేపు బీడీ ముక్కను అటూ ఇటూ తిప్పాడు. "పిలువరు. అదొక్కటే. వెనుక నుంచి ఎవరో పిలిచినట్టయి తిరిగి చూస్త. ఇంకోణ్ని పిలుస్తరు."

"నా చెట్టు నరుకుతవా?"

ఆయన నా ముఖం చూశాడు. ఎందుకని అడగలేదు. కుళ్లిన ముక్కల కుప్ప మా ఎదుటే ఉంది.

"నన్నెందుకు అడుగుతున్నవ్?"

"ఇంకొకడు నరికితే రాజవ్వ శిక్ష వేస్తది. నీకేం వేస్తది?"

పోయినాయన పగలబడి నవ్వాడు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. ఆ తర్వాత చాలాసేపు తుడుచుకుంటూనే ఉన్నాడు.

పుష్యమి, రెండో పాదం

నా చెట్టు పడిపోయింది.

సైరన్ మోగకముందే, తొలకరి నీళ్ల వంతుకు వెళ్లిన వేళ నరికించాను. మొదటి దెబ్బకు కళ్లు మూసుకున్నాను, అబద్ధం చెప్పను. తర్వాత మూసుకోలేదు. చెట్టు పడేటప్పుడు గాలి తగిలింది, చల్లగా. గేటు దగ్గర నేల మీద ఎప్పుడూ పడని ఎండ పడింది.

తొలకరి కడవ కింద పడేసి వచ్చింది. "నాయినా! నాయినా!" అని మోడు మీద పడి ఏడ్చింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. రాజవ్వ వచ్చి ఆమె భుజం పట్టుకుని, "ఇగ పిలవద్దు బిడ్డా," అంది. చిన్నప్పటి నుంచి నన్ను తమ్ముడూ అని పిలిచిన మనిషి ఆమె. రేకు ముక్క విప్పి తన సంచిలో వేసుకుంది. నా వంక చూడలేదు.

చచ్చినవాడు దినచర్య రాయకూడదని ఎక్కడా లేదు. అందుకని రాస్తున్నాను. నా కలపతో కొత్త గదులకు ట్రేలు పెట్టుకునే బల్లలు చేయమన్నానని పోయినాయన ద్వారా చెప్పించాను. మంచి కలప. నీటికి ఉబ్బదు.

ఆశ్లేష, నాలుగో పాదం

నా దినాలు అయిపోయాయి. గారెలు బాగున్నాయి. తొలకరి వడ్డించేటప్పుడు నా విస్తరి దగ్గర చెయ్యి ఆగింది, అంతే. ఇప్పుడు నాతో ఏదైనా చెప్పాలంటే గోడకు చెప్పినట్టు చెబుతుంది. "మూడో బల్ల మీద తడి తక్కువుంది," అంటుంది దూలం వంక చూసి. నేను వెళ్లి తడుపుతాను.

అయినా ఈ సంగతి చూడండి! మోడు చుట్టూ పిలకలు! ఎర్రటి చిగురుతో, చిటికెన వేలంత లావున, ఎన్నని చెప్పను! డెబ్బై ఏళ్ల చెట్టు కాలి దగ్గర అంత పడుచుతనం దాచుకుని నిలబడిందంటే ఒళ్లు పులకరిస్తోంది. తొలకరి వంగలేక వంగి, కడుపు మీద చెయ్యి పెట్టుకుని చూసింది. ఇంకో వారానికి కోతకు వస్తాయంది. మోడుతో అంది.

మఖ, మొదటి పాదం

ఊరు సభ పెట్టింది. నా గురించే.

పోయినవాళ్లకు సభలో చోటు లేదు. పోయినాయనా నేనూ వల ఇవతల నిలబడి విన్నాం. రాజవ్వ లేచి నా పేరు రేకు బయటికి తీసింది.

"మోడు చిగురించింది. చిగురించిన చెట్టును చచ్చిందని ఎట్లంటం? చెట్టు ఉన్నదంటే మనిషి ఉన్నట్టే. ఈ రేకు మళ్లా కడ్దాం. ఏమంటరు?"

సభలో ఆడవాళ్లు ఏడ్చారు, మగవాళ్లు చప్పట్లు కొట్టారు. లింగవ్వ అందరికన్నా గట్టిగా, "కట్టుండ్రి! కట్టుండ్రి!" అని అరిచింది. నేనంటే వీళ్లకు ఇంత ప్రేమా! నాకు దుఃఖం ఆగలేదు. ఒక్క క్షణం, ఒక్క క్షణమే, తమ్ముడూ అని రాజవ్వ మళ్లీ పిలుస్తుందనుకుని ఆ పలకరింపు కోసం చెవులు రిక్కించాను.

అప్పుడు బుచ్చిరాములు లేచాడు. "మరి పిలకలు కోసుకోవచ్చునా అవ్వా?"

రాజవ్వ చేతిలో రేకు అలాగే ఉండిపోయింది. "పేరుచెట్టుకు మోకాలి కింద కత్తి ఎట్ల పెడ్తం బిడ్డా?"

సభ అంతా చల్లబడిపోయింది. నేను బతికితే పిలకలు ముట్టకూడదు. పిలకలు ముట్టకపోతే మొక్కలు లేవు. నోరు తెరిచి "నేను పోయినోణ్నే!" అని అరవబోయాను. పోయినాయన నా నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. "నీకు నోరు లేదు. నువ్వు మాట్లాడితే ఉన్నట్టే లెక్క కడ్తరు. ఊకో."

పక్క గూడెం కోడలు, బండిలో కూర్చుని చూసిన ఆ పిల్ల, వెనుక వరుసలో ఉంది. ఎవరి ముఖమూ చూడలేక నేల చూస్తోంది. నేను పోయానని ఎవరు చెబుతారు? ఎవరు చెప్పగలరు?

తొలకరి లేచి నిలబడింది. లేవడానికి భర్త భుజం పట్టుకోవలసి వచ్చింది. సభ వైపు తిరిగింది, నా వైపు వీపు పెట్టింది.

"రాజవ్వా, మా నాయిన పోయిండు."

ఆమె ఇంకా భర్త భుజం వదలలేదు.

"పుష్యమి కార్తెల పోయిండు. దినాలు చేసినం. మీరందరు వచ్చి అన్నం తిన్నరు. పోయినోణ్ని తేవద్దు."

"ఆలోచించి చెప్పు బిడ్డా. ఇయ్యాల కాదంటే ఇగ మళ్ల అడగ."

"ఆలోచించిన." భర్త భుజం వదిలింది. నిటారుగా నిలబడింది. "మా నాయిన పోయిండు. పిలకలు కోసుకుంటం."

రాజవ్వ రేకును రెండుగా మడిచింది. పెళుసుగా ఉన్నదేమో, విరిగింది.

ఇది రాస్తూ నేను ఏడుస్తున్నాను కాని బాధతో కాదు. బడిలో పేరు చెప్పమంటే నా చొక్కా వెనుక దాక్కున్న పిల్ల అది. ఊరందరి ముందు, ఆ మాట, తడబడకుండా రెండుసార్లు! ఇంత గట్టి మనిషిని కన్నానా నేను! ఈ కడుపు నిండిన సంతోషం ఎవరితో చెప్పుకోవాలో తెలియక దూలంతో చెప్పాను.

ఉత్తర, రెండో పాదం

వేరు వచ్చింది. తెల్లగా, దారప్పోగులంత. తొలకరి ఒక మొక్కను మట్టితో సహా పైకెత్తి వెలుతురుకు పట్టింది. గోడతో ఏమీ చెప్పలేదు. మొక్కను నా చేతిలో పెట్టి వెళ్లింది.

మోడుకు మళ్లీ పిలకలు వస్తున్నాయి. కోసేకొద్దీ వస్తున్నాయి. మూడు గదులూ నిండాయి. నా కలప బల్లల మీద నా చెట్లు, వందలు! పక్క గూడెం బండ్లు వచ్చి ట్రేలు ఎక్కించుకున్నాయి. ఆ కోడలి మామ నా కాళ్లకు మొక్కబోయి, చచ్చినవాడికి మొక్కవచ్చో లేదో తెలియక మధ్యలో ఆగిపోయాడు. పోయినాయన అన్నాడు, "మొక్కు, మొక్కు. చచ్చినోళ్లకే గదా మొక్కేది!"

ఉప్పరేవు బండివాడు కూడా మొక్కలు అడిగాడు. లింగవ్వ తన వంతుకు ఒక వరుస నాటించుకుంటానంది. నీడ నిలబడితే కొడుకును వెనక్కి అడుగుతుందట. ఇస్తారో లేదో. ఆ వరుసకు బలమైన మొక్కలు ఏరి పక్కన పెట్టాను.

చిత్త, మూడో పాదం

నలభై మొక్కలూ నేలలో నిలబడ్డాయి. రాజవ్వ ఒక్కొక్క మొక్కనూ వేలితో తట్టి చూసింది. మధ్యాహ్నపు ఎండలో ఒక్కటి కూడా తల వాల్చలేదు. "ఉన్నది," అంది. బిడ్డ నీడ సంగతి తేలిపోయింది. బుచ్చిరాములు ఆ వరుస మధ్యలో కూర్చుండిపోయి, సైరన్ మోగినా లేవకపోతే ఇద్దరు మనుషులు వెళ్లి ఎత్తుకొచ్చారు.

విశాఖ, మొదటి పాదం

మగబిడ్డ! తెల్లవారుతుండగా ఏడుపు వినబడింది. తల్లీ బిడ్డా క్షేమం. నేను దగ్గరికి వెళ్లకూడదు. లింగవ్వ వల దాకా వచ్చి రెండు చేతులూ చాపి, ఎంత పొడవున్నాడో చూపించింది. ఇంతున్నాడు!

అనూరాధ, మూడో పాదం

పేరు పెట్టారు. పోయిన తాత పేరు మనవడికి పెట్టడం మా ఆచారం. తాత ఉండగా పెట్టరు.

మేమిద్దరం మంచుగదిలో ముక్కలు గుచ్చుతున్నాం. అవతల పందిరి కింద తొలకరి బిడ్డ చెవిలో మూడుసార్లు పలికింది. తర్వాత రాజవ్వ అందరికీ వినబడేలా చెప్పమంది.

"సోమలింగం!"

"ఆఁ..." అని సగం అన్నాను. పోయినాయన నా చెయ్యి పట్టుకున్నాడు. "నిన్ను గాదు," అన్నాడు. తర్వాత చెయ్యి వదలలేదు.

చాలాసేపు జనం తిన్నారు, నవ్వారు. ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ముక్కలు మిగిలి ఉన్నాయని నేను తినడానికి లేవలేదు. అప్పుడు తొలకరి బిడ్డను ఎత్తుకుని వల దగ్గరికి వచ్చింది. బిడ్డ నిద్రపోతున్నాడు. ఆమె చూపు వాడి ముఖం మీదే ఉంది. గొంతు మాత్రం నర్సరీ చివరిదాకా వినబడేంత గట్టిగా ఉంది.

"సోమలింగం! పొద్దుటి సంది ఏం తినలే నువ్వు. రొట్టె మూతపెట్టి ఉంచిన, పోయి తిను. ఎండల తిరగకు, చెప్తున్న."

మూడు వారాల పసిగుడ్డు రొట్టె ఎలా తింటాడు! నేను చేతులు కడుక్కుని వెళ్లి తిన్నాను.